మరొక్క ఏడాది



ఈవేళ నేను మీకు వంటా చెప్పబోవడం లేదు, వైద్యమూ చెప్పబోవడం లేదు. అమెరికాలో ఒక ఊరు, ఆ ఊరి ఆడపిల్లల జట్టు, వాళ్ళు 1946లో ఆడిన ఆటలు, వీటి గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "ఎక్కడి అమెరికా, ఎక్కడి మనం? ఆ గొడవ మనకెందుకమ్మా" అంటారేమో! కాస్త ఓపిక పట్టండి. ఆ ఊరు మీకు తెలియకపోయినా, ఆ ఊళ్ళో పుట్టిన సరుకు మీ అందరి ఇళ్ళల్లోనూ ఉంది. అదేమిటంటారా? హార్లిక్స్.

ఎవరికైనా జ్వరం తగిలి లంఖణం చేస్తే హార్లిక్స్. పిల్లలకు పరీక్షలొస్తే హార్లిక్స్. ఆస్పత్రిలో ఉన్నవాళ్ళని చూడ్డానికి వెళుతూ అరడజను బత్తాయిలూ, ఒక హార్లిక్స్ సీసా. ఖాళీ అయితే ఆ సీసాలో ఆవాలో, మెంతులో. మా గోదావరి వైపు వాళ్ళకయితే, ధవళేశ్వరంలో ఫ్యాక్టరీ పెట్టిన దగ్గర్నుంచీ అది మా సొంత సరుకే అన్నంత చనువు. కాని అసలు హార్లిక్స్ పుట్టిల్లు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో రేసీన్ అనే ఊరు. చికాగోకి ఉత్తరంగా, మిచిగన్ సరస్సు ఒడ్డున ఉంది. ఇంగ్లండునుంచి వెళ్ళిన జేమ్స్, విలియం హార్లిక్ అనే అన్నదమ్ములు 1873లో చికాగోలో కంపెనీ పెట్టి, తర్వాత రేసీన్‌కి మార్చారు. మాల్టు, పాలు కలిపిన ఆ పొడికి 1883లో పేటెంటు తీసుకున్నారు. ఊళ్ళో ఆటస్థలానికి కూడా ఆ ఇంటిపేరే, హార్లిక్ ఫీల్డ్.

ఈ సంగతి నాకు చెప్పినవాడు మా తమ్ముడు. వాడు చికాగో దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఆదివారం ఫోను చేసి, "అక్కా, హార్లిక్స్ పుట్టిన ఊరికొచ్చాను. ఇక్కడి ఆటస్థలంలో ఒకప్పుడు ఆడపిల్లల జట్టు ఆడేదట, చూడ్డానికి వేలమంది వచ్చేవారట" అన్నాడు. మామూలుగా అయితే "ఆహా, అలాగా" అని ఊరుకునేదాన్నే. కాని ఆ రోజు ఇంట్లో పరిస్థితి వేరు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. అంతకు ముందు రోజే జిల్లా జట్టుకి ఎంపికలు జరిగాయి. దాని పేరు రాలేదు. పైగా దుమ్ములో జారి, తొడ పక్కన అరచేతి మేర చర్మం దోక్కుపోయి ఇంటికొచ్చింది. రాత్రి గ్లాసుడు హార్లిక్స్ కలిపి ఇస్తే తాగకుండా గోడవైపు తిరిగి పడుకుంది. మా అత్తయ్యగారు మందు రాస్తూ, "ఇక చాలే తల్లీ, సరదా తీరిందిగా. దెబ్బ మచ్చపడితే రేపు ఎవరికి చెప్పుకుంటాం?" అన్నారు. మావారు పేపరు మడిచిపెట్టి, "వచ్చే ఏడు పదో తరగతి కూడాను" అన్నారు. ఇద్దరూ చెడ్డమాట ఏమీ అనలేదు. ప్రేమతోనే అన్నారు. నేనే ఏమీ అనలేదు. అదే నన్ను రాత్రంతా పొడిచింది.

ఎందుకంటే ఈ మాటలు నేనూ విన్నాను. నేను ఖోఖో ఆడేదాన్ని. బాగా ఆడేదాన్నని మా డ్రిల్లు టీచరుగారు అనేవారు. పదో తరగతిలో ఒక పోటీకి వెళ్ళి, నేను స్తంభం దగ్గర కాలు జారి పడటంవల్ల మా స్కూలు ఓడిపోయింది. ఇంటికొచ్చి ఏడిస్తే మా నాన్నగారు తల నిమిరి, "పోనీలేమ్మా, ఇక మానెయ్యి" అన్నారు. మానేశాను. పదితో చదువూ మానేశాను. ఇదే తమ్ముడికి ఇంటర్‌లో లెక్కలు రెండుసార్లు పోయాయి. రెండుసార్లూ మా నాన్నగారు, "మరొక్క ఏడాది చదవనిద్దాం" అన్నారు. వాడు చదివాడు. ఈవేళ చికాగో దగ్గర ఉన్నాడు. వాడిమీద నాకు ఈర్ష్య లేదు, నిజంగా చెబుతున్నాను. నాన్నగారి మీద కోపమూ లేదు. కాని ఆ "మరొక్క ఏడాది" అన్న మాట ఉందే, అది ఇళ్ళల్లో మగపిల్లలకి వచ్చినంత సులువుగా ఆడపిల్లలకి ఎందుకు రాదా అని!

అందుకని రేసీన్ సంగతి పట్టుకున్నాను. తమ్ముణ్ణి అడిగాను, పుస్తకాలు తెప్పించుకున్నాను. తెలిసింది చెబుతాను వినండి.

ముందు ఆట ఏమిటో చెప్పాలి. దాని పేరు బేస్‌బాల్. మన నాలుగు స్తంభాలాట జ్ఞాపకం ఉందా? మండువా ఇంట్లో నలుగురు నాలుగు స్తంభాలు పట్టుకుంటారు, మధ్యలో దొంగ. దొంగ కన్నుగప్పి ఒక స్తంభంనుంచి ఇంకో స్తంభానికి పరిగెత్తాలి. ఆ ఆటకి బిళ్ళంగోడు కలపండి, బేస్‌బాల్ వచ్చేస్తుంది. నాలుగు మూలలా నాలుగు మజిలీలు. మొదటి దానికి ఇల్లు అని పేరు. ఇంటి దగ్గర ఒక అమ్మాయి కర్ర పట్టుకుని నిలబడుతుంది. మైదానం మధ్యనుంచి ఎదుటి జట్టు అమ్మాయి బంతి విసురుతుంది. కొట్టి పరిగెత్తాలి. ఒకటి, రెండు, మూడు మజిలీలు దాటి మళ్ళీ ఇల్లు చేరితే ఒక పరుగు. ముగ్గురు అవుటయితే అవతలి జట్టు వంతు. ఇలా తొమ్మిది ఇన్నింగ్సులు. అప్పటికీ సమానంగా ఉంటే తేలేదాకా ఆడుతూనే ఉండాలి.

ఇందులో ఒక చమత్కారం ఉంది. ఒక అమ్మాయి మొదటి మజిలీలో నిలబడి ఉందనుకోండి. బంతి ఇంకా ఎవరూ కొట్టకుండానే, విసిరే ఆమె చెయ్యి కదిలించిన క్షణం చూసుకుని, రెండో మజిలీకి పరుగు తియ్యవచ్చు. దీన్ని వాళ్ళు కూడా దొంగతనమనే అంటారు. బంతి తనకన్నా ముందు అక్కడికి చేరి, ఎదుటివాళ్ళు ఆ బంతితో ముట్టుకుంటే అవుట్. అందుకని చివరి నాలుగు అడుగులూ నేలమీద పడి జారుతూ వెళ్ళి మజిలీని కాలితో తాకుతారు. మా అమ్మాయి తొడ దోక్కుపోయింది ఇదిగో, ఈ జారుడులోనే.

ఇక ఈ ఆట ఆడపిల్లలకి ఎలా వచ్చిందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోయారు. పేరున్న ఆటగాళ్ళు కూడా వెళ్ళారు. మైదానాలు బోసిపోతాయేమోనన్న బెంగ పట్టుకుంది. చికాగోలో ఫిలిప్ రిగ్లీ అని, చూయింగ్ గమ్ తయారుచేసే కంపెనీ యజమాని, ఒక పెద్ద మగవాళ్ళ జట్టుకి కూడా యజమాని. ఆయన 1943లో ఆడవాళ్ళ లీగు స్థాపించాడు. ఎంపికకి వచ్చినవాళ్ళలో అరవైమందిని ఏరి, నాలుగు జట్లు కట్టారు. అందులో ఒకటి రేసీన్ బెల్స్. మిగతావి కెనోషా, రాక్‌ఫర్డ్, సౌత్ బెండ్ ఊళ్ళవి. జీతం వారానికి 45 నుంచి 85 డాలర్ల దాకా. పొలాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాలనుంచి వచ్చిన పిల్లలు వాళ్ళు. కొందరి జీతం వాళ్ళ నాన్నల సంపాదన కంటే ఎక్కువ.

మరి ఆడపిల్లలు ఆడితే లోకం ఊరుకుంటుందా? అక్కడా మనలాంటి భయాలే! అందుకని నిబంధనలు పెట్టారు. ఆట బట్టలు మోకాలి పైకి ఉండే గౌనులు. పాంటు కాదు. పెదవులకి ఎప్పుడూ రంగు ఉండాలి. బయట పొగ తాగరాదు, మద్యం ముట్టరాదు. జట్టుకొక సంరక్షకురాలు, మన హాస్టలు వార్డెనమ్మలాగా. ఎవరితో ఎక్కడికి వెళ్ళాలన్నా ఆమె అనుమతి కావాలి. మాట తప్పితే మొదటిసారి ఐదు డాలర్లు జరిమానా, రెండోసారి పది, మూడోసారి ఆటనుంచి తప్పించడమే. మొదట్లో సాయంత్రంపూట, కూర్చోవడం ఎలా, నడవడం ఎలా, ముఖానికి ఏం రాసుకోవాలి అని తరగతులు కూడా పెట్టారు. పగలంతా బంతులు, సాయంత్రం పౌడర్లు!

నవ్వు వస్తుంది గాని, ఒక మాట ఆలోచించండి. ఆ గౌనులతో నేలమీద జారితే ఏమవుతుంది? తొడలు నెత్తురు కారేవి. మగవాళ్ళు పాంట్లు తొడుక్కుని జారేవారు. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉండాలని, ఆడేవాళ్ళ చర్మం అరిగింది. ముస్తాబు నేర్పినవాళ్ళకి ఈ సంగతి తోచలేదు కాబోలు.

ఇప్పుడు మన జట్టు దగ్గరికి వద్దాం. రేసీన్ బెల్స్ మొదటి ఏడే, 1943లో, కెనోషా జట్టుని ఓడించి ఛాంపియన్లయ్యారు. ఆ ఊరి ఇళ్ళల్లోనే అద్దెకు గదులు తీసుకుని ఉండేవారు. ఇంటివాళ్ళు వాళ్ళని సొంత పిల్లల్లా చూసుకునేవారు. మొదటి మజిలీ దగ్గర ఆడే మార్గరెట్ డాన్‌హౌజర్ అచ్చంగా ఆ ఊరి పిల్లే. మిగతావాళ్ళు తలొక మూలనుంచి వచ్చారు. బెట్టీ ట్రెజా న్యూయార్కులోని బ్రూక్లిన్‌నుంచి, మాడెలిన్ ఇంగ్లిష్ మసాచుసెట్స్‌నుంచి, సోఫీ కురిస్ మిచిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊరినుంచి. సోఫీ వచ్చినప్పుడు ఆమెది ఇంకా చిన్న వయసే.

చికాగో పిల్ల ఒకతె ఉంది, జోయాన్ వింటర్. బంతి విసరడం ఆమె పని. ఈవేళ నేను మాట్లాడుతున్నది ముఖ్యంగా ఈమె కోసమే. మొదటి ఏడు ఆమె విసిరిన ఆటల్లో పదకొండు గెలుపులు, పదకొండు ఓటములు. సరే, సరికి సరి. రెండో ఏడు పదిహేను గెలుపులు, ఇరవైమూడు ఓటములు. మూడో ఏడు, 1945లో, ఎనిమిదే గెలుపులు, ఇరవైరెండు ఓటములు.

ఎనిమిది, ఇరవైరెండు! ఈ రెండు అంకెలూ చదివిన చోట నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మూడేళ్ళు ఆడి, ఏడాదికేడాది దిగజారిన పిల్లకి మనమయితే ఏం చెబుతాం? "పోనీలేమ్మా, ఇక మానెయ్యి" అనమూ? పైగా ఆ ఏడే యుద్ధం ముగిసింది. మగవాళ్ళు తిరిగొస్తున్నారు. ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ళని ఇంటికి పంపుతున్నారు. ఆడవాళ్ళ ఆట ఇంకా ఎందుకు అనడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

కాని లీగు ఆగలేదు. 1946కి నాలుగు జట్లు కాస్తా ఎనిమిదయ్యాయి. రేసీన్ జట్టు జోయాన్‌ని వదులుకోలేదు. జోయానూ బంతిని వదల్లేదు. ఆ శీతకాలం కూర్చుని ఏడవకుండా, చెయ్యి తిప్పి విసిరే పద్ధతినే మార్చుకుంది. అలవాటయిన చేతివాటం మార్చుకోవడం ఎంత కష్టమో, కుడిచేత్తో ముగ్గువేసేవాళ్ళు ఎడమచేత్తో చుక్కలు పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆ ఏడు బంతి చుట్టుకొలత 11 అంగుళాలు. మన క్రికెట్ బంతి తొమ్మిదే. అంత బంతిని అదుపులో పెట్టి, చేతిని కిందినుంచి ఊపి విసరాలి.

ఎండకాలం వచ్చింది. ఆటలు మొదలయ్యాయి. దాదాపు ప్రతిరోజూ ఆటే. రాత్రి ఆట ముగించుకుని, బస్సెక్కి ఇంకో ఊరు వెళ్ళి, మర్నాడు అక్కడ మళ్ళీ ఆట. ఆ ఎండల్లో, ఆ ప్రయాణాల్లో, కిందటేడు ఎనిమిది గెలిచిన జోయాన్ ఎన్ని గెలిచిందనుకుంటున్నారు? ముప్ఫైమూడు! ఓడినవి పదే. ఒక దశలో వరుసగా 63 ఇన్నింగ్సులు, అవతలివాళ్ళకి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. అదే చెయ్యి, అదే మనిషి, అదే ఊరు. తేడా అల్లా మరొక్క ఏడాది.

ఇక మన దొంగపిల్ల సోఫీ సంగతి. మొదటి ఏడు 44 మజిలీలు దొంగిలించింది. 1945లో 115. 1946లో 203సార్లు ప్రయత్నించి 201 దొంగిలించింది. దొరికిపోయింది రెండేసార్లు! మగవాళ్ళ పెద్ద లీగుల్లో ఈ కాలపు రికార్డు 1982లో రికీ హెండర్సన్ దొంగిలించిన 130. వాళ్ళ మజిలీల మధ్య దూరం 90 అడుగులు, వీళ్ళకి సుమారు 70. కనక రెండింటినీ ఒకే తాసులో తూచకూడదు. అయినా 203కి 201 అంటే, దూరం తక్కువయినంత మాత్రాన వచ్చేది కాదది. ఎదుటి మనిషి భుజం ఎప్పుడు కదులుతుందో, చూపు ఎప్పుడు మళ్ళుతుందో కనిపెట్టే కన్ను ఉండాలి.

ఆ దొంగతనాలకి సోఫీ చెల్లించిన మూల్యం ఆమె తొడలు. గాయం మీద గాయం, పక్కు కట్టకముందే మళ్ళీ జారుడు. మెత్తలు కట్టుకుంటే పరుగుకి అడ్డు. అందుకని జట్టు సంరక్షకురాలు ఒక ఉపాయం చేసిందట. గాయానికి బట్ట రాసుకోకుండా చుట్టూ గుండ్రంగా ఒక కట్టు కట్టేది. బిందె కింద మనం పెట్టుకునే చుట్టకుదురు లేదూ, అచ్చంగా అలాంటిదే. పెదవులకి రంగు ఉందా లేదా అని చూడ్డానికి పెట్టిన మనిషి, చివరికి చేసిన మంచిపని ఇదీ.

మామూలు ఆటలన్నీ ముగిసేసరికి రేసీన్ 74 గెలిచి 38 ఓడింది. ఎనిమిది జట్లలోకీ మొదటి స్థానం. తర్వాత మొదటి నాలుగు జట్లకీ అసలు పోటీలు. సౌత్ బెండ్ మీద మూడు గెలిచి ఒకటి ఓడి, రేసీన్ ఫైనల్సుకి వచ్చింది. ఎదుట రాక్‌ఫర్డ్ పీచెస్. ఎవరు ముందు నాలుగు ఆటలు గెలిస్తే వాళ్ళకి కప్పు. ఐదు ఆటలయ్యేసరికి రేసీన్ మూడు, రాక్‌ఫర్డ్ రెండు.

ఆరో ఆట హార్లిక్ ఫీల్డులో, 1946 సెప్టెంబరు 16 రాత్రి. ఆ చిన్న ఊళ్ళో ఐదువేలమందికి పైగా జనం. రేసీన్ తరపున బంతి పట్టుకున్నది జోయాన్ వింటర్. రాక్‌ఫర్డ్ తరపున కారొలిన్ మోరిస్.

ఆ కారొలిన్ ఎంత గొప్పగా విసిరిందంటే, తొమ్మిది ఇన్నింగ్సుల్లో రేసీన్ పిల్లలు ఒక్కళ్ళు కూడా సరిగ్గా ఒక్క దెబ్బ కొట్టలేకపోయారు. ఇటు జోయాన్‌కి అంత సుఖం లేదు. అవతలివాళ్ళు ఆమె బంతుల్ని కొడుతూనే ఉన్నారు. ఆట మొత్తం మీద పదమూడు దెబ్బలు కొట్టారు. మజిలీలు నిండిపోయేవి. ఇల్లు ఇంక ఒక్క అంగలో ఉందనగా, జోయాన్ ఎలాగో ఒకలాగ ఆ వంతు ముగించేది. ఎన్నిసార్లు గుమ్మం దాకా వచ్చినా ఒక్కళ్ళని కూడా ఇంట్లోకి రానివ్వలేదు. తొమ్మిది ఇన్నింగ్సులయ్యాయి, సున్నా సున్నా. పది, పదకొండు, పన్నెండు. కారొలిన్ అలసిపోతే రాక్‌ఫర్డ్ వాళ్ళు ఇంకో అమ్మాయిని దించారు. జోయాన్ మాత్రం మారలేదు. పదమూడు. సున్నా సున్నా.

పద్నాలుగో ఇన్నింగ్సు. సోఫీ వంతు వచ్చింది. బంతిని కొట్టి మొదటి మజిలీ చేరింది. చేరి ఊరుకుంటుందా? రెండోది దొంగిలించింది. అక్కడా ఊరుకోలేదు. మూడో దానికి పరుగు లంకించుకుంది. సరిగ్గా అప్పుడే బెట్టీ ట్రెజా బంతిని కుడివైపు మైదానంలోకి కొట్టింది. సోఫీ మూడో మజిలీ దగ్గర ఆగలేదు. తిరిగి నేరుగా ఇంటివైపు. బంతీ ఇంటివైపే వస్తోంది. చివరికి సోఫీ, ఆ పుండ్లుపడ్డ కాళ్ళమీదనే, నేలమీద పడి జారింది. ఇల్లు చేరింది!

ఒక్క పరుగు. ఒకటి, సున్నా. పద్నాలుగు ఇన్నింగ్సులు ఒంటరిగా విసిరిన జోయాన్ గెలిచింది. కప్పు రేసీన్‌ది. ఆ లీగు అధ్యక్షుడు మాక్స్ కేరీ పూర్వం మగవాళ్ళ పెద్ద లీగులో పేరుపొందిన ఆటగాడు, ఆయన కూడా ఆ రోజుల్లో దొంగతనాల్లో మేటి. మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ అన్నీ కలుపుకుని తను చూసిన ఆటల్లో ఇంత గొప్పది లేదని ఆయనే అన్నాడట. ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి గౌరవం సోఫీకి దక్కింది.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కాని సగం చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు.

1948లో ఆ లీగు ఆటలకి తొమ్మిది లక్షలకు పైగా జనం వచ్చారు. తర్వాత తగ్గారు. టెలివిజన్లు వచ్చాయి, మగవాళ్ళ ఆటలు ఇంట్లోనే కనిపించసాగాయి. 1950 తర్వాత రేసీన్ తన జట్టుని నిలుపుకోలేకపోయింది. జట్టు మిచిగన్‌లోని బాటిల్ క్రీక్‌కి తరలిపోయింది. సోఫీ వెళ్ళనంది. 1952లో మగవాళ్ళ జట్లలోకి ఆడవాళ్ళని తీసుకోరాదని అక్కడి బేస్‌బాల్ పెద్దలు నిషేధం పెట్టారు. 1954తో ఆడవాళ్ళ లీగు ముగిసిపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ పన్నెండేళ్ళలో ఆరువందలమందికి పైగా ఆడవాళ్ళు ఆ లీగులో ఆడారు. కాని నల్లజాతి అమ్మాయికి ఒక్కరికీ చోటివ్వలేదు. మేమీ జాన్సన్ అనే అమ్మాయి ఎంపికకి వెళితే తిప్పి పంపేశారు. ఆమె 1953లో నల్లజాతి మగవాళ్ళ జట్టు ఇండియానాపొలిస్ క్లౌన్స్‌లో చేరి, మగవాళ్ళకే బంతులు విసిరింది. తలుపు కొందరికి తెరిచి కొందరికి మూసేస్తే, తెరిచినవాళ్ళని మెచ్చుకుంటూనే ఆ మాట కూడా చెప్పుకోవాలి.

చాలా ఏళ్ళు ఈ ఆడవాళ్ళని లోకం మర్చిపోయింది. 1988లో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ మ్యూజియంలో వాళ్ళ పేర్లతో ప్రదర్శన పెట్టారు. 1992లో పెన్నీ మార్షల్ అనే ఆవిడ ఆ లీగు మీద సినిమా తీసింది. అప్పటికి వాళ్ళందరూ అమ్మమ్మల వయసువాళ్ళు. మాడెలిన్ ఇంగ్లిష్ సొంత ఊరికి వెళ్ళి టీచరయింది. అక్కడ ఒక స్కూలుకి ఆమె పేరే పెట్టారు. సోఫీ 2013లో, 87వ ఏట కన్నుమూసింది. జోయాన్ వింటర్ ఏమయిందంటారా? 1948లో లీగు నిబంధన మార్చి, బంతిని భుజం పైనుంచి విసరాలన్నారు. కిందినుంచి విసరడం అలవాటయిన ఎందరో ఆ దెబ్బతో వెనకబడ్డారు. జోయాన్ మళ్ళీ చెయ్యి మార్చుకుంది, ఆ ఏడు పాతిక ఆటలు గెలిచింది. తర్వాత గోల్ఫ్ నేర్చుకుని, ఆ ఆట నలుగురికీ నేర్పింది. ఓడిన ఏడుని ఒక గోడ అనుకోకుండా ఒక గడప అనుకున్న మనిషి.

ఈ కథంతా ఒక రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో చెప్పాను. మావారు విన్నారు. అమ్మాయి విననట్టు నటిస్తూ విన్నది. అత్తయ్యగారు వక్కలు కత్తిరిస్తూ మధ్యలో ఆపి, "ఎనిమిది గెలిచి ఇరవైరెండు ఓడినదాన్ని ఎలా ఉంచుకున్నారే వాళ్ళు?" అని అడిగారు.

"అదే అత్తయ్యగారూ, మరొక్క ఏడాది చూద్దామనుకున్నారు" అన్నాను.

ఆవిడ మారు మాట్లాడలేదు. నేనే ధైర్యం చేసి మావారితో, "దీన్ని కూడా మరొక్క ఏడాది ఆడనిద్దామండీ. పదో తరగతి చదువు నేను కూర్చుని చదివిస్తాను" అన్నాను. ఆయన ఆలోచించి, "మార్కులు తగ్గితే నన్ననకు" అన్నారు. అంటే సరేననే అర్థం. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మాత్రం భాష నేర్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం చూద్దును కదా, అత్తయ్యగారు తన పాత నేతచీర చింపి, గుండ్రంగా చుట్టి, సూదితో కుడుతున్నారు. "ఏమిటండీ ఇది?" అంటే, "చుట్టకుదురు. దాని కాలికి" అన్నారు తలెత్తకుండా.

సోదరీమణులారా! ఆ పిల్ల వచ్చే ఏడు జట్టులోకి వస్తుందో రాదో నాకు తెలియదు. అది పెద్ద ఆటగత్తె అవుతుందని కలలు కనడం లేదు. అందరూ సోఫీలు కారు, జోయాన్‌లు కారు. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఆడపిల్ల ఏదైనా ఒకటి మొదలుపెట్టి, అది ఆటే కానివ్వండి, సంగీతమే కానివ్వండి, చదువే కానివ్వండి, ఒకసారి ఓడిపోయి గోడవైపు తిరిగి పడుకుంటే, తల నిమరండి. నిమిరి, "ఇక మానెయ్యి" అనకండి. మన మగపిల్లలకి మనం ఎన్నోసార్లు ఇచ్చిన ఆ మరొక్క ఏడాదిని దానికీ ఇవ్వండి. ఇచ్చి, ఒక గ్లాసుడు హార్లిక్స్ కలిపి పక్కన పెట్టండి. కాస్త చల్లారాక అదే లేచి తాగుతుంది.



(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)